సాతపడా రేవు, జన్హికుడా దీవి: విశాఖ నుంచి వెళ్లినవాళ్లు చెప్పండి

ఉప్పుగాలి:
అందరికీ నమస్కారం. సంక్రాంతి హడావుడి తగ్గాక, జనవరి చివర్లో ఒడిశాలోని చిలికా సరస్సుకి వెళ్దామనుకుంటున్నాం. నేను, మా ఆవిడ, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి. సొంత కారు ఉంది. ఎవరిని అడిగినా ఒకటే దారి చెబుతున్నారు. పూరీలో బస, అక్కడి నుంచి సాతపడా, ఒక మోటారు పడవ, డాల్ఫిన్లు, సాయంత్రానికి మళ్లీ పూరీ. మా అమ్మాయి మాత్రం మ్యాపు ముందేసుకుని కూర్చుని, సరస్సుకీ సముద్రానికీ నడుమ దీవిలాంటి సన్నటి నేల ఉందనీ, దాని మీద ఊళ్లున్నాయనీ, జన్హికుడా దగ్గర రోడ్డు నీళ్లలో ఆగిపోయి అవతల సాతపడాలో మళ్లీ మొదలవుతోందనీ కనిపెట్టింది. ఆ దారిన వెళ్తే కారుతో సహా పడవ ఎక్కవచ్చట. నిజమేనా? ఆడవాళ్లతో, పిల్లలతో వెళ్లదగ్గ దారేనా? ఊళ్లో చూడటానికి ఏమైనా ఉందా, లేక ఆ రేవు దాటడమే సరదానా?

రైలుపిచ్చి:
కారు ఎందుకండీ? విశాఖ నుంచి రైల్లో బరంపురం దాటగానే కుడివైపు కిటికీ పట్టుకోండి. రంభ, ఖల్లికోట్, బాలుగావ్ మధ్య పట్టాలు సరస్సు అంచునే పోతాయి. టిక్కెట్టు ఖర్చుతోనే సగం చిలికా చూసినట్టే. కాకపోతే బాలుగావ్‌లో అన్ని రైళ్లూ ఆగవు, ముందే చూసుకోండి.

కొండవాలు:
రైలుపిచ్చి గారూ, బాలుగావ్ సరస్సుకి పడమటి గట్టు. ఆయన అడుగుతున్నది తూర్పు గట్టు గురించి. రైలు దిగి అక్కడికి చేరాలంటే సరస్సు చుట్టూ తిరగాలి.

ఉప్పుగాలి గారూ, మీ అమ్మాయి కనిపెట్టింది అక్షరాలా నిజం. నేను ఆ దారిన బండి మీద వెళ్లాను. జాతీయ రహదారి 16 మీద శ్రీకాకుళం, పలాస, ఇచ్ఛాపురం, బరంపురం, ఛత్రపూర్. గంజాం దాటాక రహదారిని వదిలి పాలూరు వైపు మళ్లాలి. అక్కడి నుంచి ఎడమపక్క సరస్సు, కుడిపక్క సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం. సముద్రం కనబడదు, హోరు మాత్రం వినబడుతూ ఉంటుంది. మాలూద్ దాటి కృష్ణప్రసాద్ మీదుగా పోతే జన్హికుడా. దారి ఇరుకు. ఎదురుగా గడ్డి బండి వస్తే ఎవరో ఒకరు కిందికి దిగాల్సిందే. కారు పోతుంది, తొందర పనికిరాదు.

రేవు అంటే పెద్ద కట్టడమేమీ ఊహించుకోవద్దు. సిమెంటు వాలు, టీ కొట్టు, టిక్కెట్ల గది, అంతే. ఫెర్రీ ముందు భాగం ఇనుప తలుపులా గట్టు మీదికి వాలుతుంది. ముందు కార్లనీ చిన్న లారీలనీ ఎక్కిస్తారు, తరవాత సందుల్లో మోటారు సైకిళ్లు, ఆ తరవాత మిగిలిన సందుల్లో మనుషులు. నేను ఎక్కినప్పుడు పక్కన వంట గ్యాసు బండలు, రెండు మేకలు, ఎండుచేపల గంపలు, పెళ్లికి పోతున్న ఒక కుటుంబం. పెళ్లికూతురి మేనత్త కాబోలు, పట్టుచీర కుచ్చిళ్లు మేకల కాళ్లకు తగలకుండా రెండు చేతులా పైకి పట్టుకుని దారంతా నిలబడే వచ్చింది.

దాటడానికి అరగంట అటూ ఇటూ. వేళలు రోజుకోలా మారవచ్చు. రేవులో కనుక్కోండి, ఆఖరి పడవని నమ్ముకోవద్దు. నీళ్లు ఎంత తక్కువంటే చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. అందుకే పడవ తిన్నగా పోదు, గెడలు పాతి గుర్తు పెట్టిన దారి వెంట మెలికలు తిరుగుతుంది. ఇరువైపులా వెదురు గడలకు కట్టిన వలలు, ప్రతి గడ మీదా రెక్కలు ఆరబెట్టుకుంటూ నీటికాకి.

ఊళ్లో చూడటానికి ఏముంది అంటే, టిక్కెట్టు పెట్టి చూపించేదేమీ లేదు. వలలు అల్లుకునేవాళ్లు, రొయ్యలు ఏరుకునేవాళ్లు. అదే చూడటానికి వెళ్లేవాళ్లకు బాగుంటుంది.

ఉప్పుగాలి:
కొండవాలు గారూ, చాలా సంతోషం. ఇంకొక్క మాట. ఫెర్రీ మీంచి డాల్ఫిన్లు కనిపిస్తాయా? లేక అందుకు విడిగా మోటారు పడవ మాట్లాడుకోవాల్సిందేనా? మా అమ్మాయికి అదే ముఖ్యం.

కొండవాలు:
నాకు కనిపించాయి. మాట ఇవ్వలేను. అవి ఎగిరి దూకే రకం కాదు. బూడిదరంగు వీపు ఒకటి నూనె పూసినట్టు మెరుస్తూ పైకి లేస్తుంది, ఉఫ్ మని ఊపిరి వదిలి మళ్లీ మునుగుతుంది. వీపు మీద రెక్క చిన్నది. ముక్కు పొడుగు ఉండదు, తల గుండ్రం. అటువైపు చూస్తూ ఉంటేనే కనబడుతుంది. ఫోను తీసేలోగా అయిపోతుంది.

చిన్నవాల్తేరు వసంత:
డాల్ఫిన్ల పడవ గురించి నేను చెబుతాను. సాతపడా రేవులో పడవ మాట్లాడుకున్నాం. పడవవాడు డాల్ఫిన్ కనబడగానే ఇంజన్ ఇంకా పెంచి దాని మీదికే తోలాడు. పక్కనున్న మరో నాలుగు పడవలూ అదే పని. పాపం ఆ జంతువు పైకి లేచిన ప్రతిచోటా ఒక పడవ సిద్ధం. ఆపమని చెబితే, ‘దగ్గరగా చూపించకపోతే మీరే డబ్బులివ్వరు కదమ్మా’ అన్నాడు. అదీ నిజమే, మా పడవలోనే ఇద్దరు ఇంకా దగ్గరికి పోనిమ్మని అరుస్తున్నారు.

తరవాత సముద్రపు మొగ, అంటే సరస్సు సముద్రంలో కలిసే చోటు, దగ్గర ఇసుక దిబ్బ మీద దింపాడు. అక్కడ ఒకాయన బుట్టెడు ఆల్చిప్పలు పెట్టుకుని కూర్చున్నాడు. మన కళ్ల ముందే ఒకటి పగలగొడతాడు, లోపల ముత్యం. ఇంకొకటి పగలగొడతాడు, లోపల ఎర్ర రాయి! ఆల్చిప్పలో కెంపు పుట్టడం ఎక్కడైనా విన్నారా? అయినా మా పక్కవాళ్లు బేరమాడి కొన్నారు. ఉప్పుగాలి గారూ, మీ ఆవిడకి ముందే చెప్పి తీసుకెళ్లండి.

లెక్కలమనిషి:
వసంత గారూ, కెంపు పుట్టిన ఆల్చిప్పకి విలువ కట్టలేం, కొనాల్సింది :)
డాల్ఫిన్ల కోసం అంత దూరం ఎందుకో నాకు అర్థం కాలేదు. రుషికొండ దగ్గర వేటకు వెళ్లేవాళ్లని అడగండి, తెల్లవారుజామున గుంపులు గుంపులుగా కనిపిస్తాయంటారు.

పాతబడి:
లెక్కలమనిషి గారూ, మన తీరంలో ఎగురుతూ కనిపించేవి వేరు, చిలికాలో ఉండేవి వేరు. చిలికావి ఇరావతి డాల్ఫిన్లు. సముద్రం మధ్యలో బతికే రకం కాదు, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటు వాటి ఇల్లు. అయితే మీరు అన్నదానిలో మీకు తెలియకుండానే ఒక పెద్ద విషయం ఉంది. ఈ జాతిని శాస్త్రలోకానికి పరిచయం చేసిన మొదటి నమూనా చిలికాది కాదు, బర్మాది కాదు. విశాఖపట్నం రేవులో 1852లో దొరికినది. దాన్ని చూసి రిచర్డ్ ఓవెన్ 1866లో లండన్‌లో వర్ణన ప్రచురించారు. అంటే ప్రపంచంలో ఎక్కడ ఈ జంతువు కనబడినా, అది ఈ జాతిదేనా అని తేల్చుకోవడానికి మూలం మన ఊరి నమూనాయే.

లెక్కలమనిషి:
మాస్టారూ, ఇది కొంచెం ఎక్కువైంది. డాల్ఫిన్స్ నోస్ కొండ ఉంది కదా అని ఎవరో కట్టిన కథ కాదు కదా? ఓడలు తిరిగే రేవులో అలాంటి జంతువు ఉంటుందా?

పాతబడి:
సందేహం మంచిదే. మీరు ఇప్పటి రేవుని మనసులో పెట్టుకుని అడుగుతున్నారు. 1852లో ఆ రేవు లేదు. ఓడరేవు తెరిచింది 1933లో. అంతకు ముందు ఓడలు బయట సముద్రంలోనే లంగరు వేసేవి, సరుకు నాటుపడవల మీద గట్టుకు చేరేది. కొండకీ పాత ఊరికీ మధ్య ఉన్నది ఉప్పుటేరు. పోటుకి నిండి, ఆటుకి బురద తేలే పర్ర. మెట్ట నుంచి గెడ్డలు వచ్చి అందులో కలిసేవి. మొగలో ఇసుక మేట. ఇప్పుడు కొండవాలు గారు వర్ణించిన చిలికా కాలువని ఒకసారి దాని పక్కన పెట్టి చూడండి. తక్కువ లోతు, ఉప్పూ తీపీ కలిసిన నీరు, చేపలు ఎక్కువ. ఆ జంతువుకి కావలసినవన్నీ ఉన్నాయి. ఆ బురదని తవ్వి, లోతు చేసి, గట్లు కట్టి మనం రేవు చేసుకున్నాం. అది మనకు అన్నం పెట్టింది, కాదనను. ఆ జంతువుకి మాత్రం చోటు పోయింది.

నమూనాని సంపాదించింది వాల్టర్ ఇలియట్. ఉత్తర సర్కారులకు కమిషనరుగా పనిచేసిన కుంపిణీ అధికారి. అమరావతి స్తూపం దగ్గర 1845లో తవ్వకాలు చేయించిన ఇలియట్ ఈయనే. ఆ శిల్పాలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఓవెన్ సంగతి మీ అమ్మాయికి చెప్పండి ఉప్పుగాలి గారూ, పిల్లలకి ఇష్టంగా ఉంటుంది. డైనోసార్లకు ఆ పేరు పెట్టింది ఆయనే, 1842లో.

ఉప్పుగాలి:
మాస్టారూ, చదివి వినిపించాను. ‘అయితే మనం చూడబోయేది మన ఊరివాటినే’ అంది. ఇక పూరీ దారి మాట ఇంట్లో ఎత్తే పని లేదు.

గోదారిగట్టు:
నాది రాజోలు, ఉద్యోగం గాజువాకలో. కొండవాలు గారు రాసింది చదువుతుంటే సఖినేటిపల్లి, నరసాపురం మధ్య గోదావరి దాటించే పంటు గుర్తొచ్చింది. మీరందరూ పడవ దాటడం సరదా అంటున్నారు. రోజూ దాటేవాడికి అది సరదా కాదు. గాలి లేస్తే ఆపేస్తారు, ఇంజన్ చెడితే ఆపేస్తారు. జన్హికుడాకి వంతెన వేస్తారన్న ప్రతిపాదన ఉందని విన్నాను. త్వరగా వేస్తే బాగుణ్ను.

చిన్నవాల్తేరు వసంత:
వంతెన వేస్తే పూరీ నుంచి బస్సుల కొద్దీ జనం దిగుతారు. ఆ దీవి ఇంకో విహార కేంద్రం అయిపోతుంది. ఇప్పుడున్న నాలుగు పడవలకే ఆ జంతువులు తట్టుకోలేకపోతున్నాయి.

గంజాంవాడు:
నేను బరంపురంలో పుట్టి పెరిగిన తెలుగువాణ్ని, ఇప్పుడు మధురవాడలో ఉంటున్నాను. మా పెద్దమ్మ వాళ్లది మాలూద్ పక్క పల్లె, కాబట్టి రెండు మాటలు చెప్పే హక్కు ఉందనుకుంటాను.

కృష్ణప్రసాద్ ప్రాంతం పూరీ జిల్లాలోది. కాగితం మీద సంతకం కావాలన్నా, కోర్టు వాయిదా ఉన్నా, పెద్దాసుపత్రికి పోవాలన్నా జిల్లా కేంద్రం నీళ్లకు అవతల. పగలు ఫెర్రీ ఉంటుంది, రాత్రి పూట? పురిటి నొప్పులు పడవ వేళలు చూసుకుని రావు. అప్పుడు పాలూరు దారిన బరంపురం పరుగెత్తాలి. 2019 మే నెలలో ఫణి తుపాను పూరీ దగ్గర తీరం దాటినప్పుడు మా వాళ్ల ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి. సాయం అందడానికి ఎంత ఆలస్యమైందో మీరే ఊహించుకోండి. వసంత గారూ, మీ బాధ నాకు తెలుసు. డాల్ఫిన్లను బతికించాలంటే పడవవాళ్లని అదుపులో పెట్టాలి, పల్లెటూరి మనిషిని రేవులో కూర్చోబెట్టడం ఎందుకు?

చిన్నవాల్తేరు వసంత:
రేవులో కూర్చోబెట్టమని నేనలేదు. వంతెన కంటే ముందు రాత్రి పూట ఒక అంబులెన్సు పడవ పెట్టవచ్చు కదా. స్తంభాల చుట్టూ ఇసుక మేట వేస్తే ఆ కాలువ ఏమవుతుందో ఎవరైనా లెక్క కట్టారా?

గంజాంవాడు:
అంబులెన్సు పడవ సంగతి ఒప్పుకుంటాను. అడగవలసింది కూడా అదే. స్తంభాల విషయంలో ఇంజనీర్లు చెప్పాలి, మనం కాదు.

లెక్కలమనిషి:
ఇసుక మేట గురించి వసంత గారి భయం ఊరికే వచ్చింది కాదు. నిన్న రాత్రంతా దీని మీదే చదువుతూ కూర్చున్నాను. మహానది పాయలు దయ, భార్గవి తెచ్చే ఒండ్రు సరస్సులో పేరుకుంటూ వచ్చింది. సముద్రపు మొగ పూడుకుంటూ దూరం జరిగింది. పోటు లోపలికి రాక ఉప్పదనం తగ్గింది, కలుపు పెరిగింది, చేపలు పోయాయి. 1981లో మన దేశం నుంచి రామ్‌సర్ జాబితాకి (ప్రపంచంలో ముఖ్యమైన చిత్తడి నేలల పట్టిక) ఎక్కిన మొదటి రెండు చోట్లలో ఒకటైన చిలికాని, 1993 నాటికి ప్రమాదంలో ఉన్నవాటి పట్టికలో చేర్చారు. చివరికి 2000 సెప్టెంబరులో గట్టుని తవ్వి కొత్త మొగ తెరిచారు. సముద్రానికి దారి దాదాపు 18 కిలోమీటర్లు తగ్గింది. పోటు లోపలికి వచ్చింది, కలుపు చచ్చింది, చేపలు తిరిగొచ్చాయి. 2002లో ఆ పట్టిక నుంచి పేరు తీసేశారు.

ఆశ్చర్యం ఏమిటంటే ఫణి వచ్చినప్పుడు సముద్రమే గట్టుని తెంపి మరికొన్ని మొగలు తెరిచింది. అక్కడ నేల ఒకచోట నిలిచేది కాదు. స్తంభం పాతేవాళ్లు ఆ సంగతి చూసుకోవాలి. నేను వంతెనకి వ్యతిరేకం కాదు, లెక్క మాత్రం చూపించాలంటాను.

పాతబడి:
లెక్కలమనిషి గారు చేపల గురించి చెప్పిందే డాల్ఫిన్లకీ వర్తిస్తుంది. ఇప్పుడు చిలికాలో అవి సుమారు 150. వల్లో చిక్కుకుని కొన్ని, పడవ పంఖా తగిలి కొన్ని పోతుంటాయి. అంత చిన్న గుంపులో ఏడాదికి నాలుగైదు పోయినా లెక్కే.

ఉప్పుగాలి గారూ, ఇక్కడొక మాట. ఫెర్రీ గెడల మధ్య తన దారిన తాను పోతుంది, జంతువు వెంట పడదు. రోజూ అదే దారి, అదే చప్పుడు. డాల్ఫిన్లు దానికి అలవాటు పడి ఉంటాయి. వాటిని వెంటాడకుండా చూడటానికి అంతకంటే మంచి చోటు లేదు. విడిగా పడవ మాట్లాడుకుంటే, ఎక్కక ముందే బేరంలో ఒక షరతు పెట్టండి: జంతువు కనిపించగానే ఇంజన్ ఆపాలి, అది తనంతట తాను దగ్గరికి వస్తే చూస్తాం, లేకపోతే లేదు. డబ్బులు మాత్రం పూర్తిగా ఇస్తామని ముందే చెప్పండి. ఇంజన్ ఆపితే డబ్బులు తగ్గిస్తారనే భయంతోనే వాళ్లు తరుముతారు.

రెక్కలలెక్క:
పక్షుల గురించి ఎవరూ మాట్లాడకపోవడం అన్యాయం! మీరు వెళ్లేది జనవరిలో. నళబన దీవి మీద పక్షులు దిగే కాలం అదే. వానాకాలంలో మునిగిపోయి, చలికాలంలో నీరు తగ్గాక తేలే దీవి అది. సుమారు 15 చదరపు కిలోమీటర్లు. 1987లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. చిలికా మొత్తం మీద జనవరి లెక్కల్లో ఈమధ్య ఏళ్లలో 10 లక్షలు దాటుతున్నాయి. రాజహంసలు, పట్టీతల బాతులు, సూదితోక బాతులు, ఇంకా నేలబారున నడిచే చిన్నవి ఎన్నో. పక్షులు దిగే చోటికి పడవలు పోనివ్వరు, దూరం నుంచే చూడాలి. దుర్భిణి తప్పనిసరి.

దగ్గరగా చూడాలంటే మంగళాజోడి వెళ్లండి. సరస్సు ఉత్తరపు కొసన, తాంగీ దగ్గర. ఒకప్పుడు పక్షుల్ని వేటాడి అమ్మిన ఊరు. ఆ వేటగాళ్లే ఇప్పుడు గెడ వేసి పడవ నడుపుతూ పక్షుల్ని చూపిస్తారు. ఏ పిట్ట ఎక్కడ దాక్కుంటుందో వాళ్లకు తెలిసినట్టు ఏ పుస్తకానికీ తెలియదు. ఇంజన్ చప్పుడు ఉండదు.

ఇంకొకటి. మీరు గంజాం దగ్గర దాటే నది రుషికుల్య. దాని మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు లక్షల్లో గుడ్లు పెడతాయి. అది సాధారణంగా ఫిబ్రవరి, మార్చి మాట. జనవరిలో ఆ ఇసుక మీద మీకు ఏమీ కనిపించకపోవచ్చు. మన బీచ్ మీద అటవీశాఖవాళ్లు గుడ్లు ఏరి కంచె లోపల పొదిగించేది ఈ తాబేళ్లవే.

కొండవాలు:
రెక్కలలెక్క గారూ, మంగళాజోడి ఆయన దారికి పూర్తిగా అవతలి కొస. ఒకే ప్రయాణంలో రెండూ పెడితే పిల్ల కారులోనే నిద్రపోతుంది.

రెక్కలలెక్క:
పూరీ నుంచి భువనేశ్వర్ మీదుగా తిరిగి వస్తే తాంగీ దారిలోనే కదండీ. జాతీయ రహదారి పక్కనే.

పాతబడి:
రంభ వైపు వెళ్లేవాళ్లకి ఒక చిన్న కబురు, ఎవరికైనా పనికొస్తుందేమో. అక్కడ బార్కుడా అనే చిన్న దీవి ఉంది. జూలాజికల్ సర్వే మొదటి డైరెక్టరు ఆనండేల్ 1917లో అక్కడ కాళ్లు లేని నలికండ్లపాముని కనిపెట్టారు. పేరుకే పాము, అది బల్లి కులం. మట్టిలో దూరి బతుకుతుంది. దాని దగ్గరి జాతి ఎక్కడ ఉందనుకుంటున్నారు? మన విశాఖ కొండల్లో. తోట తవ్వేటప్పుడు వానపాముకంటే లావుగా, నున్నగా, మెరుస్తూ ఏదైనా కనబడితే పలుగు ఎత్తకండి.

లెక్కలమనిషి:
మాస్టారూ, డాల్ఫిన్ మనదే, కాళ్లు లేని బల్లీ మనదే. రేపు చిలికా కూడా మనదే అంటారేమో :)

గంజాంవాడు:
1936లో ఒడిశా ఏర్పడే దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కదా. సగం చిలికా మనదేనని వాదించవచ్చు. బరంపురంలో ఈ మాట అనకండి, రెండు వైపుల నుంచీ తంతారు.

ఉప్పుగాలి:
అందరికీ ధన్యవాదాలు. ఇంట్లో తేల్చుకున్నది ఇది. మొదటి రోజు బరంపురంలో బస. రెండో రోజు తెల్లవారుతూనే పాలూరు దారి, మాలూద్, మధ్యాహ్నంలోగా జన్హికుడా, ఫెర్రీ. సాతపడాలో విడిగా పడవ వద్దనుకున్నాం. ఫెర్రీ మీద కనిపిస్తే సరే. కనిపించకపోతే, కాలినడక ప్రయాణికుల్లా మరోసారి అటూ ఇటూ దాటి వస్తాం. రాత్రికి పూరీ. తిరుగు దారిలో మంగళాజోడి. మా ఆవిడ రెండు ప్రశ్నలు అడగమంది. దీవి మీద భోజనం దొరుకుతుందా? భాష ఇబ్బంది అవుతుందా?

గంజాంవాడు:
గంజాం దాకా తెలుగుతో గడిచిపోతుంది. తీరం వెంట జాలరి పల్లెల్లో చాలామంది తెలుగువాళ్లే, పూరీలో పెంటకోట కూడా అంతే. దీవి మీద మాత్రం ఒడియానే. హిందీ కొంచెం నడుస్తుంది. భోజనం మాలూద్‌లో చేసేయండి. చిన్న హోటళ్లలో అన్నం, పప్పు, ఆ పూట పడిన చేప దొరుకుతాయి. పీతల కూర అడిగితే అప్పటికప్పుడు వండుతారు కాబట్టి ఆలస్యమవుతుంది, ఫెర్రీ వేళ చూసుకుని చెప్పండి. పెట్రోలు ఛత్రపూర్‌లోనే నింపుకోండి. చిల్లర ఉంచుకోండి.

కొండవాలు:
కారు ఎక్కించాక హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో పెట్టి దిగండి. లోపల కూర్చోవద్దు, పై అంతస్తు ఉంటే అక్కడికి ఎక్కండి. సాతపడా వైపు వెళ్తుంటే సముద్రపు మొగ కుడిచేతి పక్కన ఉంటుంది. మీ అమ్మాయిని ఆ పక్క నిలబెట్టండి.